నీళ్ల మేస్త్రీ వేసిన ఐసు గది నేల

మా నాయనను చిత్తూరు చుట్టుపక్కల అందరూ నీళ్ల మేస్త్రీ అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, వెనకాల అనేవాళ్లు. ఆయన వేసిన స్లాబు మీద మూడు వారాలు నీళ్లు నిలబడాల్సిందే. చుట్టూ బంకమట్టితో గట్లు కట్టి, వరిమడికి పెట్టినట్టు నీళ్లు పెట్టి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు గూకే ముందు ఒకసారి నిచ్చెనెక్కి చూసేవాడు. గట్టు తెగి ఒక మూల తెల్లగా ఆరిందంటే ఆ రోజు మాకు అన్నం అక్కర్లేదు, తిట్లతోనే కడుపు నిండేది.

ఆ నీళ్లు మోసేదాన్ని నేను. పెళ్లికి ముందూ మోశాను, పెళ్లయ్యాకా మోశాను. మా ఆయన కూడా ఆ పనిలోనే ఉండేవాడు, స్లాబుకు ఇనుప కంబీలు వంచి కట్టేవాడు. నాయన మమ్మల్నిద్దరినీ తన ముఠాలోనే పెట్టుకున్నాడు. కూతురు కదా అని నా మీద ఒక బిందె తగ్గించిన పాపాన పోలేదు.

అప్పటికి సిమెంటు మా వైపు కొత్త. మా తాత సున్నం పని చేసినవాడు. నాయన మద్రాసు పోయి కాంక్రీటు పని నేర్చుకుని వచ్చాడు. తిరుపతిలో ఒక సత్రానికి ఆయన వేసిన స్లాబు అన్ని వానలకూ ఒక్క చుక్క కారలేదు. మేం కొండకు ఎప్పుడు పోయినా ముందు ఆ సత్రంలోకి తీసుకుపోయేవాడు. తల పైకెత్తి ఆ కప్పును మూలమూలా చూసి, "సూడు మే, యాడన్నా సెమ్మ ఉండాదా?" అని నన్ను అడిగేవాడు. లేదు నాయనా అంటే తప్ప మెట్ల దారి పట్టేవాడు కాదు. దేవుడు పైన ఎదురు చూస్తున్నాడన్న ధ్యాస కూడా ఉండేది కాదు.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మద్రాసు రైలు దారిలో ఉన్న తడ నుంచి మాకు కబురు వచ్చింది. పులికాట్ చెరువులో పడే రొయ్యలు, చేపలు రైల్లో మద్రాసుకు పంపడానికి అక్కడ ఒకాయన ఐసు ఫ్యాక్టరీ కడుతున్నాడు. తిరుపతి సత్రం కప్పు చూసి మా నాయన కోసం మనిషిని పంపాడు. నాయన ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఆ వారమంతా ఎవర్నీ తిట్టలేదు.

మా పని ఐసు గది. ఫ్యాక్టరీలో తయారైన ఐసు దిమ్మలను బండికెక్కించే దాకా కరగకుండా దాచే గది అది. గోడలు రెండు వరసలు, మధ్యలో వడ్ల ఊక కూరారు. కప్పు కింద గొట్టాలు, వాటిలో గడ్డకట్టని చల్లటి ఉప్పునీళ్లు తిరుగుతుంటాయి. నేల బండి ఎత్తుకు ఉండాలి కాబట్టి కింద ఇటుక దిమ్మెలు కట్టి, వాటి మీద కంబీలు వేసి కాంక్రీటు స్లాబు పోయాలి. ఇంజను చూసుకునే ఫిట్టరు మద్రాసు మనిషి, తెలుగు బాగా వచ్చు. ఆయన నాయనతో, "ఈ గదిలో నీళ్లు పెడితే నీళ్లే గడ్డకట్టేంత సలి ఉంటాది మేస్త్రీ. హిమాలయాలే అనుకో" అన్నాడు.

నాయన నవ్వేశాడు. "ఎండకే పగలని స్లాబు సలికి పగల్తాదా అప్పా? సలి రాయిని ఏం సేస్తాది?"

మాలో ఎవరికి తెలుసు! మేం పుట్టి బుద్ధెరిగి చూసిన శత్రువు ఎండ ఒక్కటే. తడి స్లాబును ఎండ ఎట్లా పీల్చేస్తుందో, పీల్చేస్తే ఎట్లా జుట్టంత సందులు పడతాయో మాకు తెలుసు. చలి అంటే మార్గశిరంలో పొద్దున్నే దుప్పటి కప్పుకునేంత. అంతకు మించి చలి ఒకటుందని, అది కూడా కాంక్రీటుకు పడదని చెప్పిన మనిషి లేడు.

అందుకని నాయన తనకు తెలిసినట్టే చేశాడు. కంబీల సందుల్లోకి సులువుగా జారాలని కాంక్రీటు గంజిలా పలుచగా కలిపించాడు. పోసిన మర్నాడే గడపకు మట్టిగట్టు కట్టి గదంతా నీళ్లు నింపించాడు. మూడు వారాలు నింపిన నీళ్లు నింపినట్టే ఉన్నాయి. ఓనరు తొందరపెడుతున్నా వినలేదు. చివరికి గొట్టాల్లోకి చలి వదిలే రోజు పొద్దున కూడా చీలమండ దాకా నీళ్లున్నాయి. గట్టు తెంచి, నీళ్లు బయటికి తోసి, గోనె పట్టతో తుడిపించి, "తాగి తాగి రాయి అయినాది. ఇంక పెట్టుకోండి మీ ఐసు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే గది చల్లబడింది. ఫిట్టరు తలుపు తీసి చూపిస్తే నా నోటి నుంచి పొగ వచ్చింది. జన్మలో మొదటిసారి అట్లాంటిది చూసి భయపడి బయటికి పరిగెత్తాను. మా ఆయన నెల రోజులు ఆ సంగతి చెప్పి నవ్వాడు.

మేం చిత్తూరుకు తిరిగి వచ్చాం. అప్పటికి నా కూతురు నెలల పిల్ల.

వానలు మొదలయ్యే ముందు ఫిట్టరే స్వయంగా మా ఇంటికి వచ్చాడు. కాళ్లు కడుక్కోమన్నా కడుక్కోకుండా, చేతిగుడ్డ విప్పి అరుగు మీద పెట్టాడు. అందులో కాంక్రీటు పెచ్చులు. అప్పడాల్లా పలుచగా, కొన్ని గులకరాళ్లతో సహా ఊడి ఉన్నాయి.

"ఒకపారి వచ్చి సూడప్పా. నేల పొరలు పొరలుగా లేస్తా ఉండాది."

"నేను సేసిన స్లాబు లేసేదేందప్పా?" అన్నాడు నాయన. ఆ మాటలో కోపం ఉంది గాని, ఒక పెచ్చు తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. 

మర్నాడే బయల్దేరాం. ఐసు దిమ్మలన్నీ బయట ఊకలో పాతిపెట్టి ఉన్నాయి. నాయన గదిలోకి పోయి గొంతుక్కూర్చుని తాపీతో నేలను గీశాడు. గీసిన మేరా పొడి లేచింది. మూలలో ఒక చోట కంబి బయటపడి తుప్పు పట్టి ఉంది. ఇంకో చోట చేత్తో లాగితే పెచ్చు వచ్చేసింది. ఓనరు తలుపు దగ్గర నిలబడి, "నీళ్లు నీళ్లని మూడు వారాలు నన్ను కూర్చోబెడితివి మేస్త్రీ. ఇదేనా నీ పని?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అనుంటే నాయన తిరిగి ఏదైనా అనేవాడు.

నాయన లేచాడు. బయటికి వచ్చి, తాపీని గోనెగుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి, మూతి కట్టేశాడు. పని మధ్యలో ఆయన తాపీ సంచిలోకి పోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఓనరు మద్రాసు నుంచి వేరే మేస్త్రీని పిలిపిస్తానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు, అందరి మీదా. చంకలో పిల్లతో పోయి ఆయన ముందు నిలబడి, "ఇంకెవరో యెందుకు సామీ? మా నాయనే పగలగొట్టి మళ్లీ వేస్తాడు. ఈపారి ఒక్క పెచ్చు లేసినా మళ్లీ మీ గడప తొక్కం" అన్నాను. ఆయన నన్నూ, దూరంగా చింతచెట్టు కింద కూర్చున్న నాయననూ చూసి, సరే, వానలు వెనకబట్టాక వేయండి, రొయ్యల అదను దాటనీయొద్దు అన్నాడు.

నాయనకు చెబితే అంతెత్తున లేచాడు. "యెవర్ని అడిగి మాట ఇచ్చినావు మే?"

"నిన్ను అడిగితే నువ్వు ఇయ్యవని."

కొట్టడానికే వచ్చాడనుకున్నాను. ఎక్కడివాడక్కడే కూలబడ్డాడు. "నాకు తెల్సిందంతా నీళ్లే మే. ఆ నీళ్లే దాన్ని సంపినాయి. ఇంక నా కాడ ఏముండాది?" అన్నాడు. నాయన కళ్లలో నీళ్లు అంతకుముందు మా అమ్మ పోయినప్పుడే చూశాను. తిట్టే నాయన ఉంటే నాకు భయం, తిట్టని నాయనను చూస్తే ఇంకా భయం. ఈ నేల రెండోసారి పోతే ఆ తాపీ మళ్లీ సంచిలోంచి బయటికి రాదని నాకు అర్థమైంది. తాపీ పట్టని మా నాయన ఎన్నాళ్లు బతుకుతాడు? అదొక్కటే నా బెంగ. ఐసు, రొయ్యలు, మద్రాసు ఇవన్నీ నాకేం లెక్క?

నీళ్లే చంపాయన్న మాట నాయన ఊరికే అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఫిట్టరు చూపించిన దాన్ని బట్టి అన్నాడు. ఒక పాత మందు సీసాలో నిండా నీళ్లు పోసి, బిరడా బిగించి, తీగతో కట్టి, చిత్తూరుకు వచ్చే ముందే ఐసు తయారయ్యే తొట్టిలో పెట్టాడట. దాన్ని తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. సీసా నిలువునా పగిలి ఉంది, లోపల నీళ్లు సీసా ఆకారంలోనే గడ్డకట్టి ఉన్నాయి.

"నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి మేస్త్రీ. సోటు సాలకపోతే దేన్నైనా పగలగొడతాయి."

"అది గాజు గదప్పా. నాది కాంక్రీటు."

"కాంక్రీటే. నువ్వు మూడు వారాలు దానికి తాగించిన నీళ్లు యాడికి పోయినాయి? దాని కడుపులోనే ఉండాయి."

ఇంకో మాట కూడా చెప్పాడు. గది ఎప్పుడూ చల్లగానే ఉన్నా ఇంత చేటు జరిగేది కాదట. యుద్ధం వల్ల ఇంజనుకు నూనె పర్మిటు మీద, కొలిచినట్టు వచ్చేది. నాలుగు రోజులు ఇంజను నడిస్తే రెండు రోజులు ఆగేది. ఆగినప్పుడు ఐసు కరిగి ఆ నీళ్లు నేలలోకి ఇంకేవి, నడిచినప్పుడు మళ్లీ గడ్డకట్టి ఉబ్బేవి. కరగడం, కట్టడం, కరగడం, కట్టడం. వచ్చిన ప్రతిసారీ కొంచెం సందు పెద్దది చేసుకుని పోయేవి. నూనె మన చేతిలో లేదు కాబట్టి అది ఆగేది కాదు.

వానలున్నన్నాళ్లూ నాయన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఏమడిగినా ఒకటే జవాబు. "నీళ్లు పెట్టకపోతే సిమెంటు గట్టిపడదు. పెడితే సలికి పగల్తాది. నన్నేం సేయమంటావు?"  ఇచ్చిన మాట తలుచుకుని నేను రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

వానలు వెనకబట్టాయి. తడకు పోయి పాత నేలను పగలగొట్టాం. నాయన వచ్చాడు గాని సమ్మెట పట్టలేదు. చింతచెట్టు కింద తువ్వాలు పరుచుకుని, మా వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. సమ్మెట దెబ్బ పడినప్పుడల్లా ఆయన భుజం కదిలేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

ఇంజనును చల్లబరిచిన నీళ్లు ఫ్యాక్టరీ వెనక ఒక గొట్టంలోంచి గోరువెచ్చగా వచ్చేవి. ఒకరోజు మధ్యాహ్నం ఆ నీళ్లతోనే నా కూతురికి తలంటి పోశాను. అప్పటికి దానికి పది నెలలు, దోగాడుతూ ఉండేది. వాళ్ల నాయన పోలికతో జుట్టు దుబ్బుగా ఉండేది. ఒళ్లు తుడిచానో లేదో చేతిలోంచి జారి తాత దగ్గరికి పాక్కుంటూ పోయింది. పులికాట్ వైపు నుంచి ఈదురుగాలి కొడుతోంది.

నాయన పిల్లను ఎత్తుకుని తల తడిమి నా మీద విరుచుకుపడ్డాడు. నెలల తరవాత అదే మొదటి తిట్టు. "బుద్ధుండాదా మే నీకు? తల సూడు యెట్లుండాదో! తడి తలతో బిడ్డను సలిగాలికి యిడుస్తారా యెవరన్నా? పడిశం పట్టి సస్తాది. ముందు తల ఆర్పు, కుంపటి తే, సాంబ్రాణి తే!"

నాకూ రోషం వచ్చింది. నెలల తరబడి గోడకు ఆనుకుని కూర్చుని, ఇప్పుడు నామీదికి వస్తాడా? నోటికి వచ్చింది అనేశాను. "ఆ బుద్ధి నీ స్లాబు కాడ యాడికి పోయినాది నాయనా? దాన్ని తల ఆర్పకుండానే గదా సలిలోకి తోసినావు!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. పుండు మీద కారం చల్లినట్టయింది కదా అని భయపడ్డాను. నాయన నన్ను చూశాడు. పిల్లను చూశాడు. దాని తడి తల మీద చెయ్యి అట్లాగే ఉంది.  తరవాత పిల్లను నాకిచ్చి లేచి నేరుగా ఐసు గదిలోకి పోయాడు. పగలగొట్టిన నేల అంచులో ఒక ముక్క విరిచి, లోపలి తడిని వేలితో తడిమి, మా ఆయనను కేకేశాడు.

"ఓయ్ అల్లుడా, ఈ ఊర్లో కుంపట్లు ఎన్ని దొరుకుతాయి?"

ఆ పూటే సంచి మూతి విప్పాడు. నేను పిల్లకు సాంబ్రాణి పొగ పడుతూ కళ్లు తుడుచుకున్నాను. పొగ వల్లనే అని మా ఆయనకు చెప్పాను.

రెండో నేల వేసిన తీరు చూస్తే ఆయన మా నాయనేనా అని అనుమానం వచ్చేది. కాంక్రీటు కలిపేటప్పుడు నా బిందె పట్టుకుని ఆపాడు. "సాలు, సాలు! ఇంకొక్క సుక్క పోసినా ఊరుకోను." పిడికిట్లో పట్టి ఒత్తితే ఉండ కావాలి గాని వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదట. అంత గట్టి కాంక్రీటు కంబీల కిందికి పోతుందా? పోదు. దిమ్మిసలతోనూ ఇనుప కడ్డీలతోనూ అంగుళం అంగుళం కుమ్మాల్సి వచ్చింది. సాయంత్రానికి మా ఆయన భుజాలు పట్టుకుపోయి, "మీ నాయన నీళ్లతో కాపురం సెడగొట్టుకున్నాడు, ఆ బాధ మనం పడతా ఉండాము" అని మూలిగాడు. నేల అంతా ఒక వైపుకు వాటంగా తీర్చి, ఆ చివర నీళ్లు పోయే తూము పెట్టాం. ఐసు కరిగినా ఆ నీళ్లు ఎక్కడా నిలవకూడదన్నాడు.

నాయన చెక్కతో రుద్ది, తాపీతో నునుపు పట్టి, గడప దగ్గరికి వచ్చేసరికి నా కూతురు ఎప్పుడు పాకి వచ్చిందో, గడప పక్కన పచ్చి కాంక్రీటు మీద అరచెయ్యి ఆనించింది. నేను కేక పెట్టి ఎత్తుకున్నాను. ఐదు వేళ్లు అచ్చుపడ్డాయి. నాయన స్లాబు మీద కాకి కాలు పడినా ఊరుకునేవాడు కాదు. తాపీ ఎత్తాడు, మళ్లీ దించాడు.

"ఉండనీ" అన్నాడు. "నేలంతా వాటంగా ఉండాది. నీళ్లు నిలిచే సోటు ఇదొక్కటే. ఈ వేళ్ల అంచులు సన్నంగా ఉండాయి సూడు. సలి ముందు దీన్నే పట్టుకుంటాది. ఇది నిలిస్తే అంతా నిలిచినట్టే."

రెండు వారాలు తడి గోనెలు కప్పి ఉంచాం. ఆ మాత్రం లేకపోతే సిమెంటు గట్టిపడదు కదా. తరవాత గోనెలు తీసేసి ఆర్పడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం ఎండ ఉన్నంతసేపు తలుపులు బార్లా తెరిచి, తక్కిన పొద్దంతా గదిలో కుంపట్లు పెట్టి, పొగ బయటికి పోయేటట్టు తలుపు ఓరగా వేసేవాళ్లం. చెరువు గాలికి చెమ్మ ఎక్కువ. పొద్దున ఆరినట్టే కనిపించి సాయంత్రానికి నేల మళ్లీ నల్లబడేది. ఆరిందో లేదో ఎట్లా తెలియాలి? పైన ఆరినట్టుంటుంది, లోపల?

నాయన నా పెళ్లి ఇత్తడి పళ్లెం అడిగాడు. దాన్ని నేల మీద బోర్లించి, అంచు చుట్టూ కొవ్వొత్తి మైనం పోసి మూసేశాడు. మర్నాడు పొద్దున పళ్లెం లేపితే లోపలి వైపు నీళ్ల చుక్కలు. అంటే నేల ఇంకా తడి వదులుతోంది. తుడిచి, ఇంకో చోట బోర్లించి, మళ్లీ మైనం. రోజూ పొద్దున అదే పని. రోజూ నేను పళ్లెం లేపేముందు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని, రోజూ చుక్కలు ఉండేవి. కాకపోతే రోజురోజుకూ చిన్నవయ్యేవి.

ఇంతలో రొయ్యలు పడ్డాయి. బుట్టలు బుట్టలు వస్తున్నాయి. ఓనరు గదిలోకి వచ్చి కాలితో నేలను తట్టి, "రాయిలా ఉంది. రేపు చలి వదలండి" అన్నాడు.

నాయన గడప మీద అడ్డంగా కూర్చున్నాడు. "ఇంకో నాల్గు దినాలు ఆగాల సామీ."

"ఆనాడు ఆరనియ్యనంటివి, ఈనాడు ఆరలేదంటావు. ఇది నా ఫ్యాక్టరీ మేస్త్రీ!"

"ఫ్యాక్టరీ మీదే సామీ. నేల ఇంకా నాది. పళ్లెం ఆరినాక మీకు అప్పగిస్తా."

ఓనర్లకు ఎదురు చెప్పే అలవాటు మా నాయనకు లేదు. మమ్మల్ని తిట్టేవాడే గాని వాళ్ల ముందు తువ్వాలు భుజం మీంచి దించేవాడు. ఆ రోజు దించలేదు. నేను పళ్లెం తెచ్చి ఓనరు ముందు పట్టి, "వేలు పెట్టి సూడండి సామీ" అన్నాను. ఆయన వేలితో రాస్తే తడి గీత పడింది. అయినా ఆయన మెత్తబడలేదు, ఫిట్టరు వైపు తిరిగి ఇంజను సిద్ధమా అని అడిగాడు.

ఫిట్టరు పానా తీసుకుని ఇంజను దగ్గరికి పోయి ఏదో మర విప్పి చేత్తో పట్టుకుని వచ్చాడు. "చిన్న రిపేరి ఉండాది సామీ. నాల్గు దినాలు పడతాది" అన్నాడు. మొహంలో నవ్వు ఇసుమంతైనా లేదు. ఓనరు మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, విసురుగా వెళ్లిపోయాడు. ఆ నాలుగు రోజులూ ఫిట్టరు ఆ మరను నూనెగుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు, పాపం.

ఐదో రోజు పొద్దున పళ్లెం లేపితే పొడిగా ఉంది. నేను నమ్మలేక చెంపకు ఆనించి చూసుకున్నాను. ఇత్తడి చల్లగా ఉంది, చెమ్మ లేదు. నాయన గడప మీంచి లేచి పక్కకు తప్పుకుని, "ఇంక పోనీండప్పా సలి" అన్నాడు.

చిత్తూరుకు వచ్చాం గాని ప్రాణం అక్కడే ఉంది. నాయన వేరే పని ఒప్పుకోలేదు. చిత్తూర్లోనే ఒక మిద్దె పనికి పిలిచినా, ఇంకెవరు పిలిచినా, "ఆడ తేలనీ" అనేవాడు. తాపీ సంచి వసారాలో కొయ్యకు వేలాడుతూ ఉండేది. తడ వైపు నుంచి వచ్చినవాళ్లను నేను ఐసు ఫ్యాక్టరీలో ఇంజను నడుస్తోందా అని అడిగేదాన్ని. ఆగింది అంటే భయం, మొదలుపెట్టారు అంటే భయం. పిల్ల నడక నేర్చింది. మామిళ్లు పూతకు వచ్చి పిందె పట్టాయి. తడ నుంచి మంచీ రాలేదు, చెడూ రాలేదు.

ఎండలు ముదిరాక ఇక ఉండలేక నేనే లేవదీశాను. నాయన, నేను, పిల్ల రైలెక్కి తడలో దిగాం. ఫిట్టరు మమ్మల్ని చూసి నేరుగా ఐసు గది వైపు నడిచాడు. "పెద్దాయన సొంత కండ్లతో సూడనీ" అన్నాడు. ఈ మధ్యలో ఇంజను ఎన్నిసార్లు ఆగిందన్నా అని అడిగితే లెక్క మరిచిపోయానన్నాడు.

తలుపు తీశాడు. చలి మొహాన కొట్టింది. ఈసారి నోట్లోంచి పొగ వస్తే నేను పరిగెత్తలేదు, పిల్ల మాత్రం ఆ పొగను పట్టుకోవాలని చేతులు చాపింది. ఐసు దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. నాయన గోడ వెంబడే గదంతా తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని సుత్తితో తట్టాడు. ఖంగుమంది. ఇంకో చోట తట్టాడు. ఖంగుమంది. తూము దగ్గర, మూలల్లో, బండికెక్కించడానికి దిమ్మలు ఈడ్చే చోట, అన్ని చోట్లా తట్టాడు. ఎక్కడా పొర లేదు, పొడి లేదు. అయినా ఆయన మొహం విప్పారలేదు. చివరికి చూడాల్సిన దాన్ని చివరికే ఉంచుకున్నాడు.

గడప పక్కన ఒక దిమ్మ అడ్డం ఉంటే ఫిట్టరు జరిపాడు. కింద నా కూతురి చెయ్యి. గుంటలో పలుచగా ఐసు పేరుకుని ఉంది. నాయన తాపీ మొనతో ఆ ఐసును మెల్లగా లేపాడు.   ఐసు ఒక్క ముక్కగా లేచి వచ్చింది. ఐదు వేళ్లూ ఉన్నాయి. బొటనవేలి అంచు, చిటికెనవేలి అంచు, అరచేతి గీత కూడా పడిన రోజు పడినట్టే ఉన్నాయి.

నాయన "మే" అన్నాడు.   నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పిల్ల నా చంక దిగి వచ్చి ఆ గుంటలో చెయ్యి పెట్టింది. చెయ్యి పెద్దదైంది, పట్టలేదు. చల్లగా తగిలి చప్పున తీసేసింది.

నాయన దాని చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టాడు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి, నేల మీదికి వంగి, ఆ అచ్చులో మిగిలిన తడిని వేలు వేలుకూ ఒత్తి తుడిచాడు. పొడిగా అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నాడు. తుడుస్తూ, తల ఎత్తకుండానే, "చిత్తూర్లో ఆ మిద్దె పనికి పిలిసినారే, వాళ్లకు వస్తానని సెప్పు మే" అన్నాడు.